ఇల్లు తిన్న మైదానం

ప్రతి సోమవారం పొద్దున్న లేవగానే రోనీ బాంబర్ చేసే మొదటి పని ఇల్లంతా ఒక చుట్టు తిరిగి రావడం. స్లిప్పర్లు తొడుక్కుని, డ్రెస్సింగ్ గౌను తాడు ముడేసుకుంటూ, మేడ మీద నుంచి మొదలుపెట్టి ఒక్కో తలుపూ తెరిచి చూసేవాడు. తలుపు అవతల గది ఉంటే మళ్ళీ మూసేసేవాడు. లేకపోతే కాసేపు అక్కడే నిలబడి, అవతల కనిపించే కొండనీ దాని మీద మేస్తున్న గొర్రెల్నీ చూసి, "ఊఁ, ఇది కూడానా" అనుకుని గడియ పెట్టేసేవాడు. గడియ పెట్టకపోతే చలిగాలి ఇల్లంతా కొడుతుంది మరి.

ఆ సోమవారం బిలియర్డ్స్ గది పోయింది.

వంటింట్లో డొరీన్ గుడ్లు వేయిస్తోంది. మొగుడి మొహం చూడగానే ఆవిడకి సంగతి తెలిసిపోయింది.

"ఏది పోయింది?"

"బిలియర్డ్స్ గది."

"పోతే పోనీ. నువ్వా కర్ర ముట్టుకుని ఎన్నాళ్ళయింది గనక." గుడ్లు ప్లేటులోకి జార్చింది. "ఎక్కడ తేలిందట?"

"పెద్ద గేటు పక్కన. టిక్కెట్లు అమ్మే ఆల్బర్ట్ ఫోన్ చేశాడు. బల్ల మీద టిక్కెట్లు పరుచుకుని కూర్చున్నాడట. ఇన్నాళ్ళకి కాళ్ళు చాపుకునే చోటు దొరికిందని సంబరపడిపోతున్నాడు."

"పాపం, మంచివాడు," అంది డొరీన్.

క్లాగ్‌డెన్‌లో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. ఆ ఊళ్ళో ఫుట్‌బాల్ క్లబ్బు కొన్నవాడి ఇల్లు గదిగదిగా మైదానానికి వెళ్ళిపోతుంది, మొదట్నుంచీ అంతే. గేటు దగ్గర వచ్చిన టిక్కెట్ల డబ్బు ఆటగాళ్ళ జీతాలకి చాలక యజమాని జేబులో చెయ్యి పెట్టాడా, మర్నాటికి ఏదో ఒక గది మాయం. ఇప్పుడు ఆటగాళ్ళు బట్టలు మార్చుకునేది ఎప్పుడో చచ్చిపోయిన ఓ మాంసం కొట్టువాడి ముందు గదిలో. గోడలకి ఆయన భార్య అంటించిన గులాబీల కాగితం ఇంకా అలాగే ఉంది. రిఫరీ స్నానం చేసేది పందేల దుకాణం నడిపిన వాడి బాత్రూంలో. గదులన్నీ అయిపోయాక ఆ పందేలాయన బ్లాక్‌పూల్‌లో చెల్లెలి పంచన చేరాడు. మైదానంలోకి ఎవరి గది అందరికంటే చివర వచ్చి చేరితే క్లబ్బు వాళ్ళది. ఊరందరికీ తెలిసిన చట్టం అది. లీగు ఆఫీసు కాగితాలు తర్వాతెప్పుడో నింపాదిగా వచ్చేవి.

ఇవన్నీ తెలిసి రోనీ ఆ క్లబ్బు ఎందుకు కొన్నాడంటే, అమాయకుడై కాదు. నాలుగు ఊళ్ళలో కుళాయిలు, స్నానపు తొట్లు అమ్మే దుకాణాలున్న మనిషి, బేరంలో ఎవరికీ లొంగేవాడు కాడు. పక్క ఊరి రిడ్‌షా రోవర్స్‌ని లెన్ ఆర్మరాడ్ కొన్నాడు. అందుకని రోనీ క్లాగ్‌డెన్ టౌన్‌ని కొన్నాడు. అంతకు మించి ఏ కారణమూ లేదు. ఉందని విలేకరులతో చెప్పేవాడు గాని లేదు.

లెన్‌తో రోనీది బడిలో ఒకే బెంచీ. ఆ తర్వాత ఒకే కొట్లో పని. ఎక్కడైనా లెన్ ఒక అడుగు ముందుండేవాడు, ఏమీ కష్టపడనట్టే ఉండేవాడు. రోనీకి బట్టతల వచ్చింది, లెన్ జుట్టు నల్లగా నిగనిగలాడుతూ అలాగే ఉంది. రోనీ కొత్త కారు కొన్న వారానికి లెన్ ఇంకా పొడుగుది కొన్నాడు. లెన్‌కి జలుబు చేసినా రోనీకి కుళ్ళే, ఎందుకంటే ఆ జలుబుకి కూడా జనం పరామర్శకి వెళ్ళేవాళ్ళు.

అన్నిటికన్నా పెద్ద మంట లెన్ ఇల్లు. రోనీ ఇంటి మెట్ల దగ్గర కిటికీలోంచి చూస్తే లోయ అవతల కొండ మీద అది కనిపించేది. ఇక్కడ రోనీ ఇల్లు తరిగిపోతుంటే, అక్కడ లెన్ ఇల్లు పెరుగుతోంది. సీజనుకో కొత్త భాగం. పొడుగ్గా, రేకుల పైకప్పుతో, కొండ వాలు మీదికి సాగిపోతోంది. క్లబ్బు కొన్నవాడి ఇల్లు తరగాలి గాని పెరగడమేమిటి? రోనీకి ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. వీడు ఫుట్‌బాల్‌లో లాభం తీశాడన్నమాట, ఇంతవరకు ఎవడూ చెయ్యంది వీడు చేశాడన్నమాట, అనుకుని కడుపు మండించుకునేవాడు.

"అంత మంటగా ఉంటే వెళ్ళి అడగొచ్చుగా," అనేది డొరీన్.

"చచ్చినా అడగను."

"అయితే ఆ కిటికీ దగ్గర్నుంచి లే. చారలు తుడవలేక చస్తున్నా, నీ ముక్కు ఆనించి ఆనించి."

ఆ సోమవారం గుడ్లు తినేసి లేస్తుంటే డొరీన్ చెయ్యి తుడుచుకుని అతని ఎదురుగా కూర్చుంది.

"ఇదిగో రోనీ, ఒక్క మాట. మేడంతా పట్టుకుపో. హాలు పోయింది, నా కుట్టుమిషను గది పోయింది, నోరెత్తానా? నువ్వు కట్టించిన ఇల్లు, నీ ఇష్టం. ఈ వంటిల్లు మాత్రం మా అమ్మ పోయాక ఆవిడ ఇల్లు అమ్మి నేను కట్టించుకున్నది. పొయ్యి ఆవిడది. తూర్పు కిటికీ నేను అడిగి పెట్టించుకున్నది. ఇది నాది. దీని జోలికి రాకు. ఇది పోయిందంటే నేనూ పోయినట్టే."

"నా తల్లి మీద ఒట్టు," అన్నాడు రోనీ. ఆ క్షణాన మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ శనివారం రిడ్‌షాలో రెండు ఊళ్ళ మధ్య మ్యాచ్. ఆ ఆటకి వెళ్ళే ఛైర్మన్‌ని, అంటే క్లబ్బు యజమానిని, ఆతిథ్యమిచ్చే ఛైర్మన్ గుమ్మంలో ఎదుర్కోవాలి, తన చేత్తో టీ పోయాలి, ప్రయాణం గురించి అడగాలి. లోపల ఎంత విషమున్నా సరే, ఇవి తప్పవు.

"రారా రోనీ, రా! ప్రయాణం బాగా సాగిందా?"

"మూడు మైళ్ళేరా, లెన్."

"అడగాలి కదరా, ఆనవాయితీ." లెన్ టీ పోశాడు. ఒక్క చుక్క సాసర్లో పడలేదు. "మీవాళ్ళు బాగానే ఆడుతున్నారు. గోల్స్ కొట్టే ఒక్కడు లేక వెనకబడ్డారు గాని. మేమూ ఒకణ్ణి వెతుకుతున్నాంలే."

ఈ ఆఖరి మాట వాన గురించి చెప్పినట్టు చెప్పేసి, శాండ్‌విచ్ ముక్క అందుకున్నాడు. రోనీకి మాత్రం ఆ శాండ్‌విచ్ గొంతు దిగలేదు.

ఆట ఒకటి-సున్నాతో పోయింది. దానికన్నా రోనీని కాల్చింది ఇంకొకటి. ఉత్తరం వైపు గోలు వెనకాల ఉండాల్సిన, జనం కూర్చునే పాత స్టాండు లేదు. ఆ చోట నీలం టార్పాలిన్ కట్టి ఉంది. ఓహో, పాతది పీకేసి కొత్తది కడుతున్నాడు, అనుకున్నాడు రోనీ. ఇంట్లో కొత్త భాగం, మైదానంలో కొత్త స్టాండు!

ఆటగాళ్ళని కొనడానికి, అమ్మడానికి గడువు ముగిసే సాయంత్రం ఫోన్ మోగింది. అవతల ఒక ఏజెంటు, తేనె పూసిన గొంతు.

"మిస్టర్ బాంబర్, గ్లిన్ ప్రాసర్ తెలుసు కదా? వేల్స్ కుర్రాడు, గోల్స్ కొట్టే స్ట్రైకర్. అతనికి మీ దగ్గరికే రావాలనుంది. కాని ఏం చెప్పను, ఇంకో క్లబ్బు కూడా అడుగుతోంది."

"ఏ క్లబ్బు?"

"పేరు చెప్పకూడదండీ. మర్యాద కాదు. మీ ఇంటి కిటికీలోంచి చూస్తే వాళ్ళ దీపాలు కనిపిస్తాయి, అంతవరకే చెప్పగలను."

రోనీ మెట్ల దగ్గరికి ఫోన్ తీగ లాక్కుని వెళ్ళాడు. లోయ అవతల లెన్ ఇంటి దీపాలు వరసగా వెలుగుతున్నాయి.

"వాళ్ళేం ఇస్తామంటున్నారు?"

"మీరు మామూలుగా ఇచ్చేదానికన్నా కొంచెం ఎక్కువ."

రోనీ పెంచాడు. ఏజెంటు కాసేపు లైన్లో ఉండమని, మళ్ళీ వచ్చి, వాళ్ళూ పెంచారన్నాడు. రోనీ ఇంకా పెంచాడు. చివరికి ఏజెంటు నిట్టూర్చి, ఒక మార్గం ఉందన్నాడు. మూడు సీజన్ల జీతం, ఆడినా బెంచీ మీద కూర్చున్నా ఇవ్వాలి, క్లబ్బు దగ్గర లేకపోతే యజమాని సొంత ఆస్తి మీద ఇవ్వాలి. బుద్ధున్నవాడు ఎవడూ పెట్టని సంతకం అది. స్నానపు తొట్టి అమ్మేటప్పుడు ఎవడైనా అలాంటి షరతు పెట్టి ఉంటే రోనీ కొట్లోంచి తరిమేసేవాడు.

"ఎవరు ఫోన్లో?" వంటింట్లోంచి డొరీన్ కేకేసింది.

"ఎవరూ లేరు," అన్నాడు రోనీ. ఏజెంటు పంపిన కాగితం మీద సంతకం చేసి మళ్ళీ ఫ్యాక్స్ మిషన్లో పెట్టాడు. ఈసారి లెన్ మొహం ఎలా మాడిపోతుందో ఊహించుకుంటూ హాయిగా నిద్రపోయాడు.

పొద్దున్న లేచేసరికి ఇంట్లో ఏ వాసనా లేదు. కాఫీ లేదు, వేపుడు లేదు. మెట్లు దిగి వంటింటి తలుపు తీశాడు. అవతల డొరీన్ కూరమడి, దాని మీద మంచు. తెగిన గొట్టంలోంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. ఒక గొర్రె తలెత్తి అతన్ని చూసి మళ్ళీ మేతలో పడింది.

"డొరీన్!" అని అరిచాడు.

స్లిప్పర్లతోనే ఊళ్ళోకి పరిగెత్తాడు. గేటు దగ్గర ఆల్బర్ట్ మొహం పక్కకి తిప్పుకుని, పెద్ద స్టాండు వైపు వేలు చూపించాడు. స్టాండు కింద, ఆటగాళ్ళు మైదానంలోకి వెళ్ళే దారి పక్కన, వంటిల్లు కొలిచి పెట్టినట్టు సర్దుకుని ఉంది. తూర్పు కిటికీ సరిగ్గా పెనాల్టీ చుక్క వైపు తెరుచుకుంటోంది. లోపల డొరీన్ పెనం మీద సాసేజీలు తిప్పుతోంది. బల్ల చుట్టూ సగం జట్టు కూర్చుని ఉంది. మధ్యలో కొత్తవాడు గ్లిన్ ప్రాసర్, రెండు చేతుల్లో రెండు టోస్టులు.

"టీ కావాలా?" అంది డొరీన్, ముక్కూ మొహం తెలియని మనిషిని అడిగినట్టు.

"డొరీన్, నేను..."

"ఒట్టేశావు రోనీ."

"లెన్ అడ్డం వచ్చాడు! వీణ్ణి ఎగరేసుకుపోబోయాడు. ఏం చెయ్యమంటావ్?"

ప్రాసర్ నమలడం ఆపాడు. "లెన్ ఎవరండీ?"

"రిడ్‌షా వాళ్ళు! నిన్ను అడగలేదూ?"

"నన్నా?" ప్రాసర్ చుట్టూ ఉన్నవాళ్ళని చూశాడు, తనతో పరాచికాలాడుతున్నారేమోనని. "నన్నెవరూ అడగలేదండీ. నాకు ముప్పై మూడేళ్ళు. మోకాలికి రెండు ఆపరేషన్లు. మీరొక్కరే అడిగారు. మా ఆవిడ ఏడ్చేసింది సంతోషంతో."

డొరీన్ చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది.

"అయితే నీతో నువ్వే పోటీపడ్డావన్నమాట," అంది చివరికి.

"ఇంటికి పద, డొరీన్. అక్కడ మాట్లాడుకుందాం."

"అక్కడేముంది? మెట్లూ, పడగ్గదీ. నా హాలు ఇక్కడే ఉంది, నా కుట్టుమిషను ఇక్కడే ఉంది, నా పొయ్యి ఇక్కడే ఉంది. వెనక్కొచ్చి నీ మెట్లెక్కి దిగుతూ కూర్చోనా?" సాసేజీలు ప్రాసర్ ప్లేటులో వేసింది. "తిను బాబూ, చల్లారిపోతాయి."

ఆ రోజు నుంచి ఆవిడ అక్కడే ఉండిపోయింది. రాత్రిళ్ళు పాత హాల్లో సోఫా మీద పడుకునేది. ఆ హాలు పడమటి స్టాండు పైవరసలో ఉంది, అక్కడ నుంచి ఊరంతా కనిపిస్తుంది.

రోనీకి అసూయ అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. లెన్ మీద పడ్డది ఒక లెక్కా? ఇప్పుడు పద్దెనిమిదేళ్ళ గోల్‌కీపర్ మీద, పిక్క పట్టేసిన డిఫెండర్ మీద, కుంటుకుంటూ తిరిగే ప్రాసర్ మీద కుళ్ళిపోయాడు. తన ఇంటిని తిన్నది చాలక ఈ మైదానం తన పెళ్ళాన్నీ తినేసిందనుకునేవాడు. ఏదో పనున్నట్టు రోజూ వచ్చి కిటికీ అవతల నిలబడేవాడు. లోపల నవ్వులు. తనకి ఒక్కనాడూ చెయ్యని అల్లం కేకు వాళ్ళకి చేసేది. ప్రాసర్ తన ఊరి యాసలో ఏదో అనేవాడు, డొరీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. అలా నవ్వుతుందని ఈ నలభై ఏళ్ళలో రోనీకి గుర్తే లేదు. లేకపోతే చూడలేదేమో.

ఒకసారి అతను వంటింట్లో ఉండగానే ఆల్బర్ట్ వచ్చి టోపీ తీశాడు.

"శనివారం గేట్లు ఎన్నింటికి తెరవమంటారమ్మా?"

"నన్నడుగు," అన్నాడు రోనీ.

ఆల్బర్ట్ ఇబ్బందిగా నిలబడ్డాడు. "తమరు కోప్పడకూడదు. చివర వచ్చిన గది వంటిల్లు కదండీ. వంటిల్లు అమ్మగారిది. ఊళ్ళో అందరూ అదే అంటున్నారు."

రోనీ డొరీన్ వైపు చూశాడు. ఆవిడ కాదనలేదు, ఔననలేదు. చేతులు తుడుచుకుని, "పన్నెండున్నరకి తెరువు, చలిలో నిలబెట్టకు వాళ్ళని," అంది.

ఆ పై నెలల్లో ఆవిడ చేసినవి చూస్తే రోనీకి ఒళ్ళు మండిపోయేది. బిలియర్డ్స్ గదిని వారానికి రెండు సాయంత్రాలు ఊరి ముసలాళ్ళకి అద్దెకిచ్చింది. ప్రాసర్‌ని కూర్చోబెట్టి, "నీ మోకాలు మూడేళ్ళు ఆగదు, నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక ఏడాది ఆడు, ఆ తర్వాత చిన్నవాళ్ళకి నేర్పు, జీతం సగం తీసుకో, ఇల్లు నేను చూసిపెడతా," అంది. వాడు సంతోషంగా ఒప్పుకున్నాడు. లాయర్లతో కానిది సూపు కాస్తూ చేసేసింది. జట్టు నెగ్గడం మొదలుపెట్టింది. నెగ్గినప్పుడల్లా స్టాండులో జనం లేచి "డొరీన్! డొరీన్!" అని పాడేవాళ్ళు. మూడేళ్ళు ఇల్లంతా ధారపోసినవాడి పేరు ఏ పాటలోనూ లేదు. రోనీ కోటు కాలరు ఎత్తుకుని వాళ్ళ మధ్యే నిలబడి ఉండేవాడు.

ఒక ఆదివారం ఇక ఉండబట్టలేక లోయ దిగి, అవతలి కొండెక్కి, లెన్ ఇంటి తలుపు కొట్టాడు. ఇటు పెళ్ళాం పైకొస్తోంది, అటు వీడు పైకొస్తున్నాడు, కనీసం ఆ కిటుకేమిటో తెలుసుకోవాలనుకున్నాడు.

తలుపు తీసింది లెన్ కాదు, మెడలో రోవర్స్ స్కార్ఫు చుట్టుకున్న ముసలాయన. ఆయన వెనకాల నడవలో, కోట్లు తగిలించే చోట, ఒక్కొక్కరే తోసుకుని లోపలికెళ్ళే ఇనుప గేటు ఉంది.

"సీజన్ టిక్కెట్టుందా?"

"లెన్‌ని చూడ్డానికొచ్చాను."

"మేమూ అందుకే వస్తాం," అన్నాడు ముసలాయన కులాసాగా, గేటు తిప్పి వదిలాడు.

లోపల భోజనాల బల్ల దగ్గర లెన్ ఒక్కడే కూర్చుని సూపు తాగుతున్నాడు. అతని ఎదురుగా, గోడ ఉండాల్సిన చోట, రిడ్‌షా రోవర్స్ ఉత్తరం స్టాండు మొత్తం ఉంది. మెట్లుమెట్లుగా కుర్చీలు, రేకుల పైకప్పు, కుర్చీల్లో ఓ మూడొందల మంది. ఒళ్ళో శాండ్‌విచ్‌లు పెట్టుకుని లెన్‌నే చూస్తున్నారు. లెన్ చేతిలో చెంచా జారి గిన్నెలో పడింది. "ఓఓఓఓ..." అంది స్టాండంతా ఒక్కసారి.

"కూర్చోరా," అన్నాడు లెన్ నీరసంగా. "ప్రయాణం..."

"అది వదిలెయ్. ఏమిట్రా ఇది?"

"నువ్వు ఇంట్లోంచి తీసి క్లబ్బులో పెట్టావు. నేను క్లబ్బులోంచి తీసి ఇంట్లో పెట్టుకున్నా. మైదానం తాకట్టు పెట్టి అప్పు తెచ్చా. జీతమని కొంత, సలహాలిచ్చినందుకని కొంత, నాకు నేనే రాసుకున్నా. తీసినప్పుడల్లా ఒక ముక్క ఇక్కడికొచ్చేది. మొదట్లో బాగానే ఉండేదిరా. ఇల్లు పెద్దదవుతుంటే ఎవరికి చేదు? తర్వాత వీళ్ళు రావడం మొదలుపెట్టారు. సీటు ఎక్కడుంటే అక్కడికి వస్తారు, వద్దనడానికి లేదు, టిక్కెట్టు కొన్నారు. మా ఆవిడ ఈస్టర్‌కి ముందే వెళ్ళిపోయింది. నిన్న పడగ్గదిలోకి గోల్‌పోస్టొచ్చింది." గొంతు తగ్గించాడు. "అక్కడ ఇంకేం మిగల్లేదు. నెలాఖరుకి జీతాలివ్వకపోతే లీగులోంచి తీసేస్తారు. రోవర్స్ పనయిపోయిందిరా."

ఈ మాట కోసం రోనీ ఎన్నేళ్ళు ఎదురుచూశాడో! పండగలా ఉండాలి. దగ్గర్నుంచి చూస్తే లెన్ జుట్టుకి రంగేసి ఉంది, మూలాల్లో తెల్లగా బయటపడుతోంది. అది చూసి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చిన మాట నిజం.

"నీకేంరా," అన్నాడు లెన్. "నీ మీద నాకెప్పుడూ కుళ్ళే. నువ్వు మీ ఊళ్ళో నడుస్తుంటే జనం టోపీలు తీస్తారు. నన్ను చూడు, నేను చెంచా పడేస్తే అరుస్తారు."

"ఆ టోపీలు ఇప్పుడు డొరీన్‌కి తీస్తున్నార్రా."

స్టాండులో ఎవరో దగ్గారు.

రోనీ కుర్చీలో ముందుకి జరిగాడు. రోవర్స్ లేకపోతే ఏడాదికి ఒక్కసారైనా క్లాగ్‌డెన్ గేటు నిండేది ఉండదు. మెట్ల కిటికీలోంచి చూసి ఏడవడానికి ఎవరూ ఉండరు. ఇవి పైకి చెప్పుకోదగ్గ కారణాలు. వీటి అడుగున ఇంకొకటి ఉంది. డొరీన్‌కి ఒక క్లబ్బుంటే తనకొకటి ఉండొద్దూ? లెన్‌ది, ఆ లెన్ ఆర్మరాడ్‌దే, తన చేతిలో ఉంటే ఎలా ఉంటుంది?

"ఆ జీతాలకి నేను పూచీ ఉంటా," అన్నాడు.

"నీ దగ్గరేముందిరా ఇంకా?"

"పడగ్గది."

మర్నాడు పొద్దున్న కళ్ళు తెరిచేసరికి అతని మంచం చుట్టూ స్కార్ఫులు చుట్టుకున్న జనం నిలబడి ఉన్నారు. పడగ్గది రిడ్‌షాలో ఉత్తరం గోలు వెనక, టార్పాలిన్ కట్టిన చోట దిగింది. ఎవరో కర్టెన్లు పక్కకి లాగి, మైదానం బాగా కనిపిస్తోందన్నారు. లెన్ ఇంటి తలుపు తీసిన ముసలాయన మంచం చివర దుప్పటి సర్ది కూర్చున్నాడు. లెన్ ఇంట్లో చేరిన కుర్చీలు తిరిగి రాలేదు గాని, లెన్ తాళాల గుత్తి పట్టుకొచ్చి రోనీ దిండు మీద పెట్టి వెళ్ళిపోయాడు. రోవర్స్ ఆ రోజు నుంచి రోనీ బాంబర్‌ది అయింది.

రెండు వారాల తర్వాత లీగు ఆఫీసు నుంచి హిబర్ట్ అనే ఆయన వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. డొరీన్ వంటింట్లో బల్ల మీద కాగితాలు పరిచి, ఇద్దర్నీ కూర్చోబెట్టాడు.

"రిడ్‌షా మిస్టర్ బాంబర్‌ది. క్లాగ్‌డెన్ మేడమ్ చూస్తున్నారు, పేరు మాత్రం ఇంకా మిస్టర్ బాంబర్‌దే ఉంది. చిక్కేమిటంటే, ఒకే ఇంటివాళ్ళు రెండు క్లబ్బులు నడపకూడదు. అలా అయితే ఒకదాన్ని లీగులోంచి తీసెయ్యాలి. ఏది ఉంచాలో మిస్టర్ బాంబర్ చెప్పాలి."

"ఒకే ఇంటివాళ్ళా?" అంది డొరీన్. ప్లేటు తుడుస్తూ కిటికీ దగ్గర నిలబడి ఉంది. "ఏ ఇల్లు బాబూ?"

హిబర్ట్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "వచ్చేటప్పుడు చూశాను మేడమ్. కొండ మీద మెట్లున్నాయి. గొర్రెలెక్కి దిగుతున్నాయి. దాన్ని ఇల్లనాలో వద్దో నేను తేల్చలేను. ఇంటి యజమాని చెప్పాలి." రోనీ వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. మీరిద్దరూ ఒక ఇంటివాళ్ళేనా?"

ఔనంటే చాలు. క్లాగ్‌డెన్ ఉంచండి, రిడ్‌షా తీసెయ్యండి అంటే చాలు. కాగితం మీద క్లబ్బు తనదే. మళ్ళీ తనే ఛైర్మన్, డొరీన్ ఛైర్మన్ పెళ్ళాం. పాటలు ఆగిపోతాయి. ప్రాసర్ గీసర్ ఎక్కడికి పోయినా సరే, అల్లం కేకు తనకే. లెన్ క్లబ్బు పేరు కూడా మిగలదు. రోనీ కడుపులో ఉన్న కుళ్ళంతా లేచి ఆ మాటని నాలుక చివరిదాకా తోసింది.

డొరీన్ బతిమాలలేదు. బెదిరించలేదు. తుడిచిన ప్లేటునే మళ్ళీ తుడుస్తోంది. రోనీ ఆ ప్లేటునే చూశాడు. నలభై ఏళ్ళలో ఆవిడ తనని కోరింది ఒక్కటి, ఈ వంటిల్లు. దాన్నే తను అసలు ఉనికే లేని పోటీదారుడి మీద పందెం కాసేశాడు.

"ఇల్లా?" అన్నాడు. దగ్గి మళ్ళీ మొదలుపెట్టాడు. "మాకు ఇల్లు లేదండీ. ఆవిడ ఇక్కడ, నేనక్కడ. క్లాగ్‌డెన్ ఆవిడ పేరు మీద రాసెయ్యండి."

"అలా రాస్తే మళ్ళీ మార్చడానికి ఉండదు," అన్నాడు హిబర్ట్ మెల్లగా.

"రాయండి."

ఆయన రాసుకున్నాడు, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకున్నాడు, టీ వద్దని లేచి వెళ్ళిపోయాడు. ఇద్దరే మిగిలారు. బయట చిన్నవాళ్ళ మీద ప్రాసర్ కేకలేస్తున్నాడు. డొరీన్ ప్లేటు అరలో పెట్టింది, కెటిల్ పొయ్యి మీద పెట్టింది, చాలాసేపు దాని వైపే చూస్తూ నిలబడింది. కళ్ళు తుడుచుకుందో, జుట్టు సర్దుకుందో, వెనక నుంచి తెలియలేదు. తర్వాత రెండు కప్పుల్లో టీ పోసి, ఒకటి అతని ముందుకి జరిపి, ఎదురుగా కూర్చుంది.

"శనివారం మీతోనే కదా ఆట."

"ఊఁ."

"మీ గోల్‌కీపర్‌కి భుజం పట్టేసిందని విన్నాను. ఆడతాడా?"

రోనీ టీ ఊదుకున్నాడు. "చెప్పను."

"నాకు కూడానా?"

"అవతలి క్లబ్బువాళ్ళకి అలాంటివి చెప్పరు."

డొరీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు బయటికొచ్చేసింది, కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ గదిలో ఇంకెవరూ లేరు. రోనీ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు, నిజంగానే ఎవరూ లేరు.

టీ అయ్యాక టోపీ పెట్టుకుని బయల్దేరాడు. ఆవిడ గుమ్మందాకా వచ్చింది. రిడ్‌షాకి మూడు మైళ్ళు, దారంతా ఎత్తే, వాన పట్టుకుంది. శనివారం ఈ ఆడమనిషిని ఎలాగైనా ఓడించి తీరాలి, ఎలా ఓడించాలా అని ఆలోచిస్తూ గబగబా నడిచాడు.